పుర్సత్

మా అమ్మీకి వచ్చిన రెండు భాషల్లోనూ ఉన్న మాట ఒకటుంది. పుర్సత్. ఉర్దూలో ఫుర్సత్ అంటాం. తెలంగాణ పల్లెల్లో ఏ రైతును కదిలించినా 'ఇయ్యాల పుర్సత్ లేదు' అంటాడు. అది ఉర్దూ మాటా, తెలుగు మాటా అన్న పట్టింపు అతనికి లేదు. పట్టింపు ఉన్నది నాకు. ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో డెస్కు మీద పనిచేస్తున్నాను. విలేకరులు పంపిన వార్తల్లో ఎన్ని 'పుర్సత్'లు కొట్టేసి 'తీరిక' అని దిద్దానో లెక్కలేదు. నా తల్లి మాటను నా చేత్తోనే కొట్టేస్తున్నానని అప్పట్లో తోచలేదు.

"నీకు పుర్సత్ దొరికినప్పుడు నన్ను ఊరి దిక్కు తోలుకపో బేటా" అని అమ్మీ రెండేళ్ళుగా అడుగుతోంది. ఆమె పుట్టిల్లు చేవెళ్ల అవతల ఒక చిన్న ఊరు. ఇల్లు అమ్మేశారు. మామూలంతా పట్నం చేరారు. అక్కడ మాకు మిగిలింది ఖబరస్తాన్‌లో నానా, నానీల మట్టి మాత్రమే. అమ్మీకి డెబ్బై రెండేళ్ళు. టోలీచౌకీలో మూడో అంతస్తు ఇంట్లో, బాల్కనీ జాలీ వెనక కూర్చుని కింద పోయే ఆటోలను చూస్తుంటుంది.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం నాకు డ్యూటీ లేదు. పిల్లలు అనంతగిరి కొండలు చూడాలన్నారు. అమ్మీ ఊరూ ఆ దారిలోనే. పొద్దున్నే బయల్దేరదామనుకున్నాం.

ముందురోజు రాత్రి మా ఆవిడ దారిలో తినడానికి మటన్ కీమా వండింది. పొద్దున డబ్బాలు సర్దుతుంటే వంటింట్లోకి వెళ్ళాను. కీమా గిన్నె తీసి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేస్తోంది. పొయ్యి మీద కోడిగుడ్లు ఉడుకుతున్నాయి. పక్కన టమాటా చట్నీ, పరాఠాలు.

"కీమా వద్దులే" అంది.

ఎందుకని నేనడగలేదు. ఆమె చెప్పలేదు.

పాత మారుతి కారు. వెనక సీట్లో అమ్మీ కిటికీ పక్కన, మధ్యలో ఎనిమిదేళ్ళ మా చిన్నోడు, ఆ చివర ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. లంగర్‌హౌస్ దాటి, పోలీస్ అకాడమీ చౌరస్తా దాటి, మొయినాబాద్ దిక్కు తిరిగాక అమ్మీ ముందుకు వంగి నా భుజం తట్టింది.

"ఇత్తా జల్దీ కాయ్కు? ధీరే చలా. చెట్లు రావాలె."

చెట్లు వచ్చాయి. ఈ బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా రెండు పక్కలా వందలాది మర్రిచెట్లున్నాయి. నిజాం కాలంలో నాటించారని పెద్దవాళ్ళు చెప్తారు. రెండు పక్కల కొమ్మలూ పైన కలిసిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా దారి మీద నీడ ఉంటుంది. రోడ్డు వెడల్పు చేయాలనీ, చెట్లు నిలుపుకోవాలనీ ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. రోడ్డు ఇరుకు, ప్రమాదాలవుతున్నాయి అనేవాళ్ళదీ అబద్ధం కాదు. నేనా వార్తలన్నీ దిద్దినవాణ్ణే. కానీ ఏనాడూ కారు మెల్లగా నడిపి ఆ చెట్లను చూడలేదు. అమ్మీ మాత్రం కిటికీ అద్దం దించి, మొహం మీది నఖాబ్ పైకి తీసి, చెట్టు వెంట చెట్టు చూసుకుంటూ కూర్చుంది. ఒక చెట్టు దగ్గర "దీని కింద బండ్లు ఆపి అంబలి తాగెటోళ్ళు" అంది. ఇంకొక చెట్టు దగ్గర "ఇది కాదు, ఆ ముంగటిది" అని తనే దిద్దుకుంది.

చేవెళ్ల దాటాక ప్రధాన రోడ్డు వదిలి ఊళ్ళ రోడ్డు పట్టాం. ఎర్రమట్టి నేలలు. క్యారెట్ మళ్ళు, టమాటా తోటలు, బంతిపూల తోటలు. దసరా అమ్మకం అయిపోయినా ఇంకా విరగబూసి ఉన్నాయి. కంది చేలు నడుమెత్తు పెరిగి పూతకు వస్తున్నాయి. గట్ల మీద తంగేడు పసుపుపచ్చగా, గునుగు తెల్లగా. దారి పక్కన గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. మా ఆవిడ బేరం చేసి ఒక గంప సగం కొంది. ఉర్దూలోనూ దాన్ని సీతాఫల్ అనే అంటాం. ఈ పండు పేరు మాకు ఎన్నడూ గొంతులో అడ్డం పడలేదు.

కొంత దూరం పోయాక గొర్రెల మంద అడ్డమొచ్చింది. రెండు మూడు వందలుంటాయి. వెనక ఒక పెద్దాయన, భుజాన గొంగడి, చేతిలో కట్టె. హారన్ మీదికి పోబోయిన నా చేతిని అమ్మీ ఆపింది. "పోనీ. మనకేం పని ఉంది?" నిజమే. మనకేం పని ఉంది? ఇంజన్ ఆపేశాను. గొర్రెలు కారుకు రెండు పక్కలా పారుతున్న నీళ్ళలాగా దాటిపోయాయి. చిన్నోడు కిటికీలోంచి చెయ్యి చాపితే ఉన్ని తగిలింది. ఒక పొట్టేలు ఆగి సైడు అద్దంలో తన మొహం చూసుకుని కొమ్ములు విసిరింది. వాడి నవ్వు ఆగలేదు. గొల్లాయన కూడా నవ్వి "బెదరకు పటేలా, పొడవదు" అన్నాడు. ఆ మూడడుగుల పటేల్ రోజంతా ఆ హోదా వదల్లేదు.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. అమ్మీ పోపు పెట్టినా, నమాజుకు లేపినా, తిట్టినా ఉర్దూలోనే. కానీ జీవాలు కనబడితే చాలు, ఆమె నాలుక తెలుగులోకి తిరిగిపోతుంది. "బర్రెను భైంస్ అంటే అది మర్లి చూడదు" అంటుంది. ఆ రోజు మా పిల్లలు ఆమె దగ్గర నేర్చుకున్న పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. బర్రె పిల్ల దుడ్డె, ఆవు పిల్ల లేగ. నల్లది కర్రావు, బూడిద రంగుది మైలావు, తెల్ల మచ్చలది బొల్లావు. బర్రె వీపు మీద కూర్చుని పురుగులు తింటూ సవారీ చేసే, తోక చీలిన నల్లపిట్ట పసులపోలిగాడు. "ఆ పిట్ట వీపు మీదుంటే ఈగల బాధుండదు. అందుకే బర్రె ఊకుంటది" అని చెప్పింది.

కరెంటు తీగ మీద ఒక పాలపిట్ట కనిపించింది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉంది. లేచి రెక్క విప్పగానే నీలం రంగు ఒక్కసారి మెరిసింది. మా అమ్మాయి "వావ్" అంది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక అది మన రాష్ట్ర పక్షి అని కూడా చెప్పింది. అమ్మీకి ఆ సంగతి తెలియదు. తెలిసిందల్లా దసరా నాడు పొద్దుగూకే వేళ ఊరి పిల్లలందరితో పాటు పాలపిట్టను వెదుక్కుంటూ చేలెంట పరిగెత్తడం. తర్వాత అందరూ జమ్మి ఆకు చేతిలో పెట్టి 'అలాయ్ బలాయ్' ఇచ్చుకునేవారు. దసరా పండుగ వాళ్ళది. అలాయ్ మా పీర్ల పండుగది. ఎవరిది ఎవరు తీసుకున్నారో ఆ ఊళ్ళో లెక్క రాసిపెట్టినవాళ్ళు లేరు.

ఇక్కడ మా నానా గురించి చెప్పాలి. ఆయనకు రెండెకరాల చెలక ఉండేది. కానీ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన పేరు 'పసుల సాయిబు'. ఎవరికి ఎద్దులు కావాలన్నా అంగడికి ఆయన్ని వెంటబెట్టుకుపోయేవారు. నోరు తెరిచి పండ్లు చూసి ఈడు చెప్పేవాడు. సుడులు చూసేవాడు. నాలుగడుగులు నడిపించి, ఏ కాలిలో నొప్పి ఉందో చెప్పేవాడు. ఇంట్లో ఒక ఆవు ఉండేది. దాని పేరు లక్ష్మి. నానా పెట్టిన పేరు కాదు, కొన్నప్పుడే ఆ పేరుతో వచ్చింది. "పేరు మారిస్తే పలకదు గదా" అని అలాగే ఉంచేశాడట. 'సాయిబు లక్ష్మి ఈనింది' అని ఊళ్ళో అనుకునేవారు. జున్ను నాలుగిళ్ళకు పోయేది.

అంగడి అయ్యాక కొన్న పశువుల్ని తోలుకుని నానా రాత్రంతా నడిచి వచ్చేవాడు. మేం ఆ పొద్దున దాటొచ్చిన ఆ మర్రిచెట్ల కిందనే. చేతిలో కందిలి, భుజాన గొంగడి. "దొంగల భయముండేది. పాముల భయముండేది. గంతే" అంది అమ్మీ.

గంతే. ఆ ఒక్క మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

2017 ఏప్రిల్. నేను రాత్రి డెస్కులో ఉన్నాను. రాజస్థాన్‌లోని ఆళ్వార్ జిల్లా నుంచి ఏజెన్సీ వార్త వచ్చింది. హర్యానాకు చెందిన పెహ్లూ ఖాన్ అనే పాడి రైతు జైపూర్ సంతలో ఆవులు కొనుక్కుని ఇంటికి పోతుంటే హైవే మీద ఆపి కొట్టారు. ఆయన ఆస్పత్రిలో చనిపోయాడు. కొన్నట్టు రసీదులున్నాయి. కానీ ముందు వచ్చిన కాపీలో పాడి రైతు అన్న మాట లేదు. 'ఆవుల అక్రమ రవాణా చేస్తున్నారన్న అనుమానంతో' అని ఉంది. నేను దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేశాను. పేజీ పోయింది. మర్నాడు అసలు సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా నానా. సంత నుంచి పశువుల్ని తోలుకొస్తున్న సాయిబు. నా నానాను నేనే అక్రమ రవాణాదారు అని రాశాను. 2019 ఆగస్టులో ఆళ్వార్ కోర్టు ఆ కేసులో ఆరుగురు నిందితుల్నీ సంశయ లబ్ధి కింద విడుదల చేసింది. ఆ వార్త కూడా నేనే దిద్దాను. అప్పుడు మాత్రం పాడి రైతు అనే రాశాను. దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందో నాకు తెలియదు.

అంతకు ముందు 2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లో దాద్రీ దగ్గరి బిసాడా ఊళ్ళో మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి లాగి చంపారు. ఆ ఇంటి ఫ్రిజ్‌లో ఏ మాంసం ఉందన్నది దేశమంతా చర్చించింది. మా ఆవిడ పొద్దున కీమా గిన్నెను ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టేసిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అది మేక మాంసం. ఆ సంగతి మాకు తెలుసు. దారిలో డబ్బా తెరిపించేవాడికి ఎలా తెలుస్తుంది? 'ఇది తెలంగాణ, ఇక్కడ అలా జరగదు' అని నా స్నేహితులంటారు. ప్రేమతోనే అంటారు. నేనూ మా ఆవిడతో అలాగే అంటాను. అయినా గిన్నె ఫ్రిజ్‌లోకే పోయింది.

అమ్మీ ఊరి చెరువు కట్ట మీదికి వచ్చేసరికి పన్నెండు దాటింది. వానలు బాగా పడ్డ ఏడాది. చెరువు నిండుగా ఉంది. నీళ్ళలో బర్రెలు తలలు మాత్రమే పైకి పెట్టి పడుకున్నాయి. ఒడ్డున కొంగలు. అమ్మీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఉన్నట్టుండి "ఆపు ఆపు" అంది.

కట్ట కింద సర్కారు తుమ్మ చెట్టుకు ఒక ఆవును కట్టేశారు. మేస్తూ మేస్తూ చుట్టూ తిరిగి పలుపంతా చెట్టుకు చుట్టేసుకుంది. ముందు కాలు కూడా అందులో చిక్కింది. మెడ కిందికి గుంజుకుపోయి, తల ఎత్తలేక నిలబడి ఉంది. పక్కన లేగ పాలకు మూతి పెడుతోంది గానీ అందడం లేదు. నేను కారు పూర్తిగా ఆపకముందే అమ్మీ దిగిపోయింది. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో రెండు మెట్లెక్కని మనిషి, కట్ట దిగి "హో హో, ఆగవే తల్లీ, ఆగు" అంటూ ఆవు దగ్గరికి పోయింది. గంగడోలు నిమిరింది. అది బుస్సుమని ఊపిరి వదిలి ఊరుకుంది. అమ్మీ వంగి పలుపు ముడి విప్పసాగింది.

నేను ఆవును చూడలేదు. రోడ్డును చూశాను.

దూరం నుంచి చూసేవాడికి ఏం కనబడుతుంది? పట్నం నంబరు కారు. తెరుచుకుని ఉన్న తలుపు. నల్ల బుర్ఖాలో ఒక ముసలామె. ఆమె చేతిలో ఆవు పలుపు. ఈ బొమ్మ నాకు తెలుసు. బొమ్మ కింద రాయబోయే వాక్యం కూడా తెలుసు. అలాంటి వాక్యాలు రాసేది మేమే గదా.

"అమ్మీ, ఛోడ్ దో, చలో" అన్నాను. ఆమె వినిపించుకోలేదు.

అప్పుడే కట్ట మీద మోటార్‌సైకిల్ చప్పుడైంది. ఇద్దరు కుర్రాళ్ళు. మమ్మల్ని చూసి బండి ఆపారు. ఒకడు దిగి మా దిక్కు నడిచాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే జేబులోకి పోయింది. ప్రెస్ కార్డు తీశాను. అతను నోరు తెరవకముందే "నేను ప్రెస్. హైదరాబాద్ నుంచి వచ్చాం" అన్నాను. మంచి తెలుగులో, పత్రికల తెలుగులో, ఒక్క ఉర్దూ పొల్లు కూడా లేకుండా.

ఆ కుర్రాడు కార్డునూ నన్నూ అయోమయంగా చూశాడు.

"సరే సార్. ఒక దుడ్డె ఇటుదిక్కు పోయిందా, చూసిండ్రా? పొద్దుగాల్నించి దేవులాడుతున్నం."

నాకు మాట రాలేదు. కింది నుంచి అమ్మీ అడిగింది. "ఎన్ని దినాల దుడ్డె బిడ్డా?"

"నెలంటది పెద్దవ్వా."

"తల్లి యాడుంది?"

"కొట్టంల కట్టేసినం."

"బండేసుకోని తిరిగితె దొర్కదు. తల్లిని ఇడ్సి చెర్ల దిక్కు తోలుకరాండ్రి. అది అరిస్తె యాడున్నా ఉరికొస్తది. ముంగట ఇటొచ్చి ఈ పలుపు వట్టు, నా శాత గాట్లేదు."

కుర్రాడు చెప్పులు విడిచి గబగబా కట్ట దిగాడు. కాలి దగ్గరి మెలిక అతను తీశాడు. మెడ దగ్గరిది అమ్మీ తీసింది. ఆవు తల ఎత్తి ఒకసారి ఒళ్ళు విదిలించి, నేరుగా గడ్డి మీదికి పోయింది. లేగకు పాలు అందాయి.

"మీదే ఊరు పెద్దవ్వా?"

"ఈ ఊరే. పసుల సాయిబు బిడ్డను."

కుర్రాళ్ళకు ఆ పేరు తెలియదు. "మా తాతకు ఎర్కుంటది గావచ్చు" అని, దుడ్డె యావలో బండెక్కి పోయారు.

జరిగింది అంతే. ఏమీ జరగలేదు. ఆ పిల్లల తప్పు ఏమీ లేదు. వాళ్ళు తమ దుడ్డెను వెదుక్కుంటూ వచ్చారు. నేను మాత్రం వాళ్ళ మొహాల్లో ఎక్కడి మొహాలనో చూశాను. ఒక ముస్లింను అనుమానంగా చూడటం తప్పని ఎన్నో వ్యాసాల్లో రాసినవాణ్ణి. ఆ రోజు చెరువు కట్ట మీద ఇద్దరు పల్లెటూరి పిల్లల్ని అనుమానంగా చూసింది నేనే. సిగ్గుపడ్డాను. కానీ నా భయం ఉత్తుత్తిది అని ఒప్పుకోమంటే మాత్రం ఒప్పుకోలేను. ఉత్తుత్తిదైతే అంత తొందరగా చెయ్యి జేబులోకి పోదు.

అమ్మీ చెరువు నీళ్ళతో చేతులు కడుక్కుని వచ్చి అడిగింది. "వాళ్ళకు కార్డెందుకు చూపెట్టినవ్?"

నేను మాట్లాడలేదు.

"ఆవు బెదర్లే. నువ్వే బెదిరినవ్" అంది. తిట్టినట్టు లేదు. పశువుకు ఏ కాలిలో నొప్పి ఉందో నానా చెప్పినట్టు చెప్పింది.

కట్ట మీద వేపచెట్టు కింద దుప్పటి పరుచుకుని పరాఠాలూ గుడ్లూ తిన్నాం. అమ్మీ నానా, నానీల దగ్గరికి పోయి ఫాతిహా చదివి వచ్చింది. నేనూ వెంట ఉన్నాను. పిల్లలు మళ్ళీ చెరువు దగ్గరికి పోదామన్నారు. చిన్నోడు లేగ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఎండ వాలాక బర్రెలు ఒక్కొక్కటే నీళ్ళలోంచి లేచి, నల్లగా నిగనిగలాడుతూ, ఎవరూ తోలకుండానే ఊరి దారి పట్టాయి. వాటి వెనకే చిన్న అరుపు వినిపించింది. ఆ కుర్రాడు ఒక బర్రెను నడిపించుకొస్తున్నాడు. పక్కన ఒక దుడ్డె. మమ్మల్ని చూసి దూరం నుంచే చెయ్యెత్తి "దొర్కింది పెద్దవ్వా!" అని కేకేశాడు. అమ్మీ కూడా చెయ్యెత్తింది. అనంతగిరి దాకా పోనేలేదు. పిల్లలు అడగను కూడా లేదు.

తిరుగు దారిలో, మర్రిచెట్ల కింద చీకటి పడ్డాక, మా అమ్మాయి వెనక సీట్లోంచి మెల్లగా చెప్పింది. "అబ్బూ, ఆ బండి రాగానే నేను ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాను. ఏమన్నా అయితే ఉంటుందని."

పదహారేళ్ళ పిల్ల. నేను జేబులో చెయ్యి పెట్టిన క్షణంలోనే తనూ పర్సులో చెయ్యి పెట్టింది. నేనెన్నడూ ఆమెకు ఈ భయం గురించి చెప్పలేదు. కీమా గిన్నె గురించి వాళ్ళమ్మ చెప్పలేదు. ఇంట్లో ఎవరూ చెప్పని పాఠం ఎంత బాగా వచ్చిందో!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ముస్లింల దగ్గర ఏం పోయింది అని మీటింగుల్లో లెక్కలు వేస్తుంటాం. భూమి, ఉద్యోగం, చదువు, భాష. అవన్నీ నిజమే. కానీ ఆ లెక్కల్లో రానిది ఒకటుంది. దారి పక్కన కారు ఆపి, ఒక ఆవునో లేగనో ఊరికే చూస్తూ నిలబడే పుర్సత్. చూస్తున్నది నేనేనా, నన్నెవరైనా చూస్తున్నారా అని వెనక్కి తిరిగి చూసుకోనక్కర లేని పుర్సత్. నానా దగ్గర అది ఉండేది. అమ్మీ దగ్గర ఇంకా ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి సన్నబడింది. నా బిడ్డ దగ్గర ఫోన్ కెమెరా ఉంది.

రాత్రి ఇంటికొచ్చాక మా ఆవిడ కీమా వేడి చేసి పెట్టింది. "పొద్దున ఎందుకు తేలేదమ్మీ?" అని చిన్నోడు అడిగాడు. "ఎండకు పాడైపోతుందని" అంది. నేను తలొంచుకుని తిన్నాను.

తర్వాత అందరం ఆ వీడియో చూశాం. చెయ్యి వణికి బొమ్మ ఊగుతోంది. కానీ అమ్మీ గొంతు స్పష్టంగా ఉంది. ఆవు గంగడోలు, లేగ మూతి, చెరువు నీళ్ళు, బుర్ఖా కొంగు నడుముకు దోపుకున్న మా అమ్మీ. పక్క నుంచి 'నేను ప్రెస్' అని నా గొంతు. పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. 'ఏమన్నా అయితే ఉంటుందని' తీసిన వీడియో అది. ఏమీ కాలేదు గనక అమ్మీ ఊరి చెరువు మాకు అందులో మిగిలింది. దాన్ని తీసేయొద్దని అమ్మాయికి చెప్పాను.

అమ్మీ కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి పెట్టమంది. రెండోసారి చూశాక ఫోన్ తిరిగి ఇస్తూ నన్నడిగింది.

"మళ్ళ ఎప్పుడు పుర్సత్ నీకు?"